స్టార్‌క్రాఫ్ట్ 2 మొదలుపెట్టే ముందు: ఎవరి మాట ఎంతవరకు వినాలి

మా మేనల్లుడు బీటెక్ రెండో సంవత్సరం. సంక్రాంతి సెలవులకి నరసరావుపేట వచ్చి, మా జిరాక్స్ షాపులో కౌంటర్ వెనక కూర్చుని మూడు రోజులు ఫోన్‌లో ఒకటే పని పెట్టుకున్నాడు. స్టార్‌క్రాఫ్ట్ 2 అనే కంప్యూటర్ యుద్ధపు ఆట గురించి జనం ఏమంటున్నారో చదవడం. ఆట మాత్రం ఒక్కసారీ ఆడలేదు. నాలుగో రోజు వచ్చి, "మామయ్యా, ఒకడేమో ఇంతకంటే మంచి స్ట్రాటజీ గేమ్ పుట్టలేదంటాడు. ఇంకొకడు మొదటి భాగం పరువు తీశారంటాడు. జెర్గ్‌తో ఆడేవాళ్ళంతా దొంగలని ఒకడు, అసలు ఆటే చచ్చిపోయిందని ఒకడు. ముప్పై జీబీ డౌన్‌లోడ్ పెట్టమంటావా, వద్దంటావా?" అన్నాడు.

పెట్టమన్నాను. అది దిగేలోపూ, దిగాక ఆ వారమంతా వాడితో చేయించినవే ఇక్కడ రాస్తున్నాను. ఆటగాళ్ళ అభిప్రాయాలు ఉప్పులాంటివి. అసలు వేసుకోకపోయినా చప్పగా ఉంటుంది, దోసెడు పోసుకుంటే నోట్లో పెట్టలేం.

నా సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే నా మాటని కూడా మీరు ఇలాగే తూచాలి. వయసు నలభై నాలుగు. ఈ ఆటలో మూడు జాతులు: టెర్రన్ అంటే మనుషులు, జెర్గ్ అంటే పురుగుల్లాంటి జీవులు, ప్రొటాస్ అంటే గ్రహాంతర యోధులు. నేను టెర్రన్‌తో ఆడతాను. ఆటగాళ్ళని బలాన్ని బట్టి విడదీసే లీగ్‌లలో కింది నుంచి మూడోదైన గోల్డ్ దాటి ఎప్పుడూ పైకి పోలేదు. 2003 నుంచి 2011 దాకా ఈ జిరాక్స్ షాపే నెట్ సెంటర్. ఎనిమిది సిస్టమ్‌లు, ఒక హబ్బు, గంటకి పదిహేను రూపాయలు. ఆరు సిస్టమ్‌ల మీద కౌంటర్ స్ట్రైక్, మూలనున్న రెండింటి మీద ఇద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్ళు స్టార్‌క్రాఫ్ట్. వాళ్ళ వెనక నిలబడి నేర్చుకున్నవాణ్ణి నేను.

మొదట తేదీ చూడండి

ఈ ఆట 2010 జూలై 27న వింగ్స్ ఆఫ్ లిబర్టీ పేరుతో వచ్చింది. 2013 మార్చిలో హార్ట్ ఆఫ్ ద స్వార్మ్, 2015 నవంబరులో లెగసీ ఆఫ్ ద వాయిడ్ దానికి తోడయ్యాయి. 2017 నవంబరులో చాలా భాగం ఉచితం చేశారు. మధ్యలో వచ్చిన ప్యాచ్‌లకి, అంటే సవరణలకి, లెక్కే లేదు. 2011లో ఎవరో తిట్టిన ఆటకీ, ఇవాళ మీరు దించుకునే ఆటకీ పేరొక్కటే కలుస్తుంది.

ఎవరో రాసింది తేదీ లేకుండా స్క్రీన్‌షాట్‌గా మీ వాట్సాప్‌కి వచ్చిందనుకోండి. లోపలి మాటల్ని బట్టి పట్టుకోవచ్చు. ఆట ఆరుగురు వర్కర్లతో (ఆటలో డబ్బులాంటి మినరల్స్ తవ్వే పనివాళ్ళతో) మొదలవుతుందని రాశాడా? అది 2015 నవంబరుకి ముందు మాట. ఇప్పుడు పన్నెండు మందితో మొదలవుతుంది. ప్రొటాస్ వాళ్ళ మదర్‌షిప్ కోర్ అనే యూనిట్ మీద పడి ఏడుస్తున్నాడా? 2013కీ 2017కీ మధ్య ఏడుపు అది. 2017 నవంబరులో దాన్ని తీసేసి షీల్డ్ బ్యాటరీ ఇచ్చారు. స్వార్మ్ హోస్ట్ అనే జెర్గ్ యూనిట్ ఊరికే పురుగుల్ని పుట్టించి గంటలకి గంటలు మ్యాచ్ సాగదీస్తోందని గోల పెడితే, అది హార్ట్ ఆఫ్ ద స్వార్మ్ నాటి గోల. గోల నిజమే. తర్వాత ఆ యూనిట్‌ని మార్చేశారు కాబట్టి మీకిప్పుడు దాంతో పని లేదు.

గడియారం సంగతి చాలామందికి తెలియదు. 2015 నవంబరుకి ముందు ఆటలో కనిపించే టైము అసలు టైము కాదు, దానికంటే 1.4 రెట్లు వేగంగా తిరిగేది. అంటే పాత సలహాలో "పదో నిమిషానికి దాడికి వెళ్ళాలి" అని ఉంటే, ఇప్పటి గడియారంలో అది ఏడు నిమిషాలు దాటీ దాటకముందే. మా వాడు పాత బిల్డ్ (ఏది ఎప్పుడు కట్టాలో చెప్పే వరస) ఒకటి పట్టుకుని, పదో నిమిషం దాకా తాపీగా కూర్చుంటానని బయలుదేరాడు. ఐదో నిమిషానికే ఇల్లు గుల్లయింది. ఇప్పటి ఆటలో పన్నెండు మంది వర్కర్లతో మొదలవుతాం కాబట్టి, పాత బిల్డ్‌ని టైము లెక్క మార్చుకుని వాడినా అతకదు. చదివి వదిలేయడమే.

పాతకాపుల గోడు

"మొదటిదే మేలు" అనేవాళ్ళలో రెండు రకాలు. ఆ ఆట నిజంగా ఆడినవాళ్ళు, ఆడినవాళ్ళు చెప్పింది విన్నవాళ్ళు. వీళ్ళలో ఎవరిది ఏ రకమో తెలియాలంటే మీరే ఒక సాయంత్రం ఖర్చు పెట్టాలి. 1998 నాటి మొదటి స్టార్‌క్రాఫ్ట్, దానికి అదే ఏడాది వచ్చిన బ్రూడ్ వార్, 2017 నుంచి ఉచితం. దించుకుని కంప్యూటర్ మీద రెండు ఆటలు ఆడండి. గెలుపోటములు పట్టించుకోవద్దు. చేతులు ఏం చేస్తున్నాయో చూసుకోండి చాలు.

నలుగురు వర్కర్లతో మొదలవుతారు. కొత్త వర్కర్ పుడతాడు, పుట్టి బేస్ పక్కన దిక్కులు చూస్తూ నిలబడతాడు. మీరు వెళ్ళి వాడి మీద నొక్కి, మినరల్స్ మీద నొక్కితే గానీ పనిలోకి దిగడు. ప్రతివాడూ అంతే. సైన్యాన్ని పన్నెండు మందికి మించి ఒకేసారి పట్టుకోలేరు. నలభై మంది మెరైన్లుంటే నాలుగు గుంపులు, నాలుగు సార్లు నొక్కుళ్ళు. మెరైన్లు పుట్టే బ్యారక్స్ ఎనిమిది ఉంటే ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి మెరైన్ కావాలని చెప్పాలి. డ్రాగూన్లని ఒక వంతెన దాటించి చూడండి, తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లల్లాగా తలో దిక్కూ పోతాయి.

ఇప్పుడు రెండో భాగం తెరవండి. వర్కర్ పుట్టగానే తనే పనిలోకి పోతాడు. వంద యూనిట్లని ఒక్క గుంపు చేసి ఒక్క అంకెకి కట్టేయొచ్చు. ఎనిమిది బ్యారక్స్‌నీ ఒకేసారి పట్టుకుని ఒకే మీటని ఎనిమిదిసార్లు టకటకా కొడితే ఎనిమిది మంది మెరైన్లు.

కొత్తవాడికి ఇది హాయి. పాతవాడికి మాత్రం ఏదో లాక్కున్నట్టు ఉంటుంది. మూల సిస్టమ్ మీద ఆడే ఆ ఇద్దరిలో ఒకడు ఎప్పుడూ గెలిచేవాడు. అవతలివాడు యుద్ధం చూస్తూ బేస్‌ని మరిచిపోయేవాడు, వీడు మరిచేవాడు కాదు, అంతే తేడా. ఆ చేతిపనే ఆట అనుకున్నవాళ్ళకి రెండో భాగం పని తగ్గించి ఆట తగ్గించినట్టు తోచింది. ఆ సంగతి తెలిసే కాబోలు, తీసినవాళ్ళు వేరే పనులు తగిలించారు. జెర్గ్ క్వీన్ మాటిమాటికీ హ్యాచరీలో లార్వా కోసం ఇంజెక్ట్ చేయాలి. టెర్రన్ ఆర్బిటల్ కమాండ్ నుంచి మ్యూల్ అనే తవ్వకం యంత్రాన్ని దించాలి. ప్రొటాస్ భవనాల పని వేగం పెంచే క్రోనో బూస్ట్ పెట్టుకుంటూ ఉండాలి. ఇవి కేవలం పని కల్పించడానికి పెట్టిన పనులని పాతకాపులు విసుక్కుంటారు. నాకు మ్యూల్ దించడం ఇష్టమే. క్వీన్‌తో వేగడం మాత్రం నా వల్ల కాదు. నేను టెర్రన్ దగ్గరే ఆగిపోవడానికి అసలు కారణం అదే, పైకి వేరే కారణాలు చెబుతుంటాను.

వాళ్ళ ఫిర్యాదుల్లో మీరు గట్టిగా పట్టించుకోవాల్సింది ఒకటుంది. రెండో భాగంలో యూనిట్లు నీళ్ళలాగా పారతాయి, పారి ఒక్క ముద్దలా దగ్గరపడతాయి. ముద్దయితే దెబ్బ కూడా ముద్దకే తగులుతుంది. అందుకే యుద్ధాలు కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతాయన్న మాట అబద్ధం కాదు. దీన్ని పరీక్షించడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. ముప్పై మంది మెరైన్లని ఒక గుంపుగా నడిపించి, తమకు తామే పేలి యాసిడ్ చిమ్మే జెర్గ్ బేన్‌లింగులు దొర్లుకుంటూ వస్తుంటే ఊరికే నిలబెట్టండి. షీల్డ్ అప్‌గ్రేడ్ లేని మెరైన్‌కి ఉండే ప్రాణం 45. ఒకేచోట రెండు బేన్‌లింగులు పగిలాయంటే ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళంతా ఆకుపచ్చ నీళ్ళవుతారు. మళ్ళీ అదే పని చేయండి, ఈసారి అవి కనబడగానే గుంపుని మూడు ముక్కలు చేసి మూడు వైపులకి పరుగెత్తించండి. సగం మంది బతికి బయటపడతారు. మా వాడు మొదటిసారి టీ గ్లాసు అందుకోవడానికి పక్కకి తిరిగాడు. మళ్ళీ ఇటు చూసేసరికి స్క్రీన్ ఖాళీ. "నెట్ పోయిందా?" అన్నాడు.

లాన్ లేదన్న కోపం

ఇది 2010లో అన్నిటికంటే పెద్ద గోల. మొదటి ఆట ఒక గదిలో తీగలు కలిపి నెట్‌తో పని లేకుండా ఆడుకునేవాళ్ళం. రెండో దాంట్లో ఆ సౌకర్యం లేదు, పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నా ఆట సర్వర్ మీదుగానే పోవాలి. ఆటగాళ్ళు సంతకాలు సేకరించారు కూడా, ఫలితం లేకపోయింది. నా సెంటర్లో ఒక్క బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌ని ఎనిమిది సిస్టమ్‌లకి పంచేవాణ్ణి. ఇద్దరు ఇందులో తలపడుతుంటే మూడోవాడి హాల్ టికెట్ తెరుచుకునేది కాదు. హాల్ టికెట్ గిరాకీలే నాకు అన్నం పెట్టేవి. ఎటు మొగ్గానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇప్పుడు ఈ మాట మీకు వర్తిస్తుందా అంటే, మీ నెట్‌ని బట్టి. లాగిన్ అయ్యే చోట ఏ ప్రాంతపు సర్వర్ కావాలో ఎంచుకోవచ్చు. అమెరికా, యూరప్, ఆసియా మూడింటిలోనూ తలా ఒక ఆట ఆడండి. ఫోన్ హాట్‌స్పాట్ వద్దు, వీలైతే కేబుల్ పెట్టండి. మీరు కదలమన్నాక యూనిట్ ఒక క్షణం ఆలోచించి కదులుతోందంటే ఆ సర్వర్ మీకు పనికిరాదు. రాత్రి తొమ్మిది తర్వాత మళ్ళీ చూడండి, మా వీధిలో ఆ టైముకి అందరూ సీరియళ్ళు, మ్యాచ్‌లు పెడతారు కాబట్టి లెక్క మారిపోతుంది. కథ భాగాన్ని మాత్రం ఒకసారి లాగిన్ అయ్యాక నెట్ లేకుండా ఆడుకునే వీలుంది. కరెంటు, నెట్టు దోబూచులాడే ఊళ్ళో ఉన్నవాళ్ళు అక్కడి నుంచే మొదలుపెట్టండి.

కథ మీద తిట్లు

వింగ్స్ ఆఫ్ లిబర్టీ కథ ఇప్పుడు ఉచితమే. బ్రూడ్ వార్‌లో జెర్గ్ రాణి కెరిగన్ చేతిలో తన ప్రొటాస్ మిత్రుడు ఫీనిక్స్ చచ్చిపోయాక, నిన్ను చంపేది నేనేనని టెర్రన్ నాయకుడు రేనర్ ఆమె ముఖాన శపథం చేస్తాడు. రెండో భాగంలో అదే రేనర్ గ్లాసు ముందు పెట్టుకుని ఆమె ఫొటో చూస్తూ కుమిలిపోతుంటాడు. పాతవాళ్ళకి ఒళ్ళు మండింది ఇక్కడే. తర్వాత జోస్యాలు, లోకాన్ని మింగేసే అమోన్ వచ్చి చేరతాయి. రాజకీయం, వెన్నుపోట్లు నడిచిన కథ కాస్తా పురాణం అయిపోయిందని వాళ్ళ బాధ. ఈ విషయంలో నేను వాళ్ళ పక్షమే.

అయితే కథ బాగాలేదన్న మాట విని ఆ మిషన్లని వదిలేస్తే నష్టపోయేది మీరే. ప్రతి మిషన్‌కీ ఒక కొత్త తమాషా ఉంటుంది. డెవిల్స్ ప్లేగ్రౌండ్‌లో కాసేపటికోసారి లావా పొంగుతుంది, ఆలోపు వర్కర్లని మెట్ట మీదికి లాక్కోవాలి. అవుట్‌బ్రేక్‌లో పగలు మీరు దాడి చేస్తారు, చీకటి పడితే రోగం సోకిన జనం మీ మీదికి వస్తారు. గ్రేట్ ట్రైన్ రాబరీలో కదిలే రైళ్ళని వెంటపడి కొట్టాలి. ఒక్కో మిషన్ ఒక్కో యూనిట్‌ని చేతికిచ్చి, దాంతో ఏం చేయొచ్చో చేయించి చూపిస్తుంది. కొత్తవాళ్ళు నార్మల్‌లో మొదటి ఐదు మిషన్లు ఆడండి. సులువనిపిస్తే హార్డ్‌కి మారండి. మిషన్ల మధ్య వచ్చే సంభాషణలు నచ్చకపోతే ఎస్కేప్ మీట ఉండనే ఉంది.

ఆడలేక మద్దెల ఓడు

ఇక అసలు రచ్చ, బ్యాలెన్స్. అంటే మూడు జాతుల బలం సమానంగా ఉందా లేదా అన్నది. టెర్రన్ ఆడేవాణ్ణి అడగండి, జెర్గ్‌ని నెత్తిన పెట్టుకున్నారంటాడు. జెర్గ్‌ని అడిగితే ప్రొటాస్‌ని చూపిస్తాడు. ప్రొటాస్ ఆడేవాడికి లోకమంతా శత్రువే. 2018లో ఫిన్లండ్ కుర్రాడు సెరల్ జెర్గ్‌తో ప్రపంచ ఫైనల్స్ గెలిచాడు. కొరియా బయటివాడు దాన్ని గెలవడం అదే మొదలు. ఆ గెలుపు చూసి, జెర్గ్ తీసుకుంటే తామూ గెలిచేవాళ్ళమన్నంత ధీమాగా మాట్లాడినవాళ్ళున్నారు. పైస్థాయిలో, ఒక ప్రాంతానికి రెండొందల మంది ఉండే గ్రాండ్‌మాస్టర్ లీగ్‌లో, ఒక యూనిట్ ధర పాతిక తగ్గితే ఫలితాలు మారొచ్చు. అన్నిటికంటే కిందిదైన బ్రాంజ్ లీగ్‌లో మనం ఓడేది ఆ పాతిక వల్ల కాదు.

దేనివల్లో తెలుసుకోవడానికి రీప్లే చూడాలి. ప్రతి మ్యాచ్ తానే భద్రపరుచుకుంటుంది. ఓడిన మ్యాచ్ తెరిచి, కాగితం మీద మూడే మూడు విషయాలు రాయండి. సప్లై (వర్కర్లకీ సైన్యానికీ ఉన్న చోటు, డిపో కడితే పెరుగుతుంది) ఏ టైములో నిండి ఇరుక్కుంది, ఎంతసేపు ఇరుక్కుంది. మినరల్స్ ఐదొందలు దాటి ఖాళీగా ఎప్పుడు పడున్నాయి. సైన్యం చచ్చిపోయినప్పుడు మీ కెమెరా ఎక్కడుంది. యుద్ధం సంగతి ఆ మూడూ రాశాకే.

మా వాడు కంప్యూటర్ మీద నాలుగు ఆటలు గెలిచి, ర్యాంకు లెక్క లేని అన్‌ర్యాంక్డ్ మ్యాచ్‌లో మొదటిసారి మనిషితో తలపడి ఓడాడు. నాలుగో నిమిషం దాటగానే ఇరవై దాకా జెర్గ్‌లింగులు లోపలికి దూరాయి. "చూశావా మామయ్యా, జెర్గ్ ఓవర్ పవర్" అని కుర్చీ వెనక్కి తోశాడు.

"ఒరేయ్, ముందు రీప్లే పెట్టు" అన్నాను.

మూడు నిమిషాల పది సెకన్లకి సప్లై 31కి 31. వర్కర్లు పందొమ్మిది, మెరైన్లు పన్నెండు, బ్యారక్స్ మూడు. డిపో కట్టాలన్న ఆలోచన వాడికి కాస్త ఆలస్యంగా వచ్చింది, అది కట్టడానికి ఇరవై ఒక్క సెకన్లు. మొత్తమ్మీద నాలుగు నిమిషాల ఐదు సెకన్ల దాకా ఏమీ పుట్టలేదు. యాభై ఐదు సెకన్లు. ఒక మెరైన్ పుట్టడానికి పద్దెనిమిది సెకన్లు కాబట్టి, మూడు బ్యారక్స్ నుంచి రావాల్సిన తొమ్మిది మంది రాలేదు. వర్కర్‌కి పన్నెండు సెకన్లు, అక్కడ ఇంకో నలుగురు పోయారు. జెర్గ్‌లింగులు వచ్చే వేళకి పన్నెండు మందికి బదులు ఇరవై ఒక్క మంది నిలబడి ఉండేవాళ్ళు. బ్యాంకులో మాత్రం ఏడొందల మినరల్స్ మూలుగుతున్నాయి. వాడు కాగితం వైపు చూశాడు, స్క్రీన్ వైపు చూశాడు, "వందకి ఒక డిపో కదా" అన్నాడు చిన్న గొంతుతో.

ఆ తర్వాత వాడికి ఇచ్చిన లెక్క ఇది, టెర్రన్‌కి అందరూ చెప్పేదే. వర్కర్లని ఆపకుండా పుట్టిస్తూ, సప్లై 14 కాగానే డిపో. 16 దగ్గర బ్యారక్స్, వెంటనే గ్యాస్‌కి రిఫైనరీ. బ్యారక్స్ పూర్తయ్యేసరికి సప్లై 19 అవుతుంది, అప్పుడు అందులోంచి ఒక రీపర్ గానీ మెరైన్ గానీ తీసి, కమాండ్ సెంటర్‌ని 150తో ఆర్బిటల్‌గా మార్చాలి. 20 దగ్గర 400 కూడగానే రెండో కమాండ్ సెంటర్. ఇంతవరకూ బట్టీ పట్టేయండి, ఎక్కాల పుస్తకంలాగా. తర్వాత గుర్తుంచుకోవాల్సింది ఒక్క బేస్ లెక్క. మినరల్స్ మీద పదహారు మంది, రెండు గ్యాసుల మీద ముగ్గురేసి. మొత్తం ఇరవై రెండు. అంతకంటే ఎక్కువైతే పక్క బేస్‌కి తరలించాలి. ఒక డిపో ఎనిమిది మందికే చోటు ఇస్తుంది కాబట్టి మూడు బ్యారక్స్ నడుస్తున్నప్పుడు అర నిమిషానికి ఒకటైనా కట్టుకుంటూ పోవాలి. నేను మానిటర్ అంచుకి "డిపో" అని చీటీ అంటించుకున్నాను. జిరాక్స్‌కి వచ్చినవాళ్ళు అదేంటని అడుగుతారు. స్టాకు సంగతని చెబుతాను.

ఈ పని పది మ్యాచ్‌లు చేశాక కూడా ఏదో ఒక జాతి చేతిలోనే ఓడుతున్నారనుకోండి, అప్పుడు బ్యాలెన్స్ చర్చలు చదవండి. అప్పుడైనా ఎవడు ఏ లీగ్‌లో ఉండి, ఏ ప్యాచ్ నాడు మాట్లాడుతున్నాడో చూసుకుని చదవండి.

చిన్నాచితకా మాటలు

నిమిషానికి మూడొందల నొక్కుళ్ళు లేకపోతే ఈ ఆట జోలికి రావద్దని భయపెడతారు. నాకు డెబ్బై కూడా ఉండవు. గోల్డ్‌లో బండి నడుస్తోంది.

సైన్యాన్నంతా ఒకేసారి పట్టుకునే ఎఫ్2 మీటని వాడటం సిగ్గుచేటని కొందరి తీర్పు. మొదటి ఇరవై మ్యాచ్‌లు సిగ్గుపడకుండా వాడండి. ఒకరోజు బేస్ కాపలాకి పెట్టిన మెరైన్లు కూడా దాడికి బయలుదేరతారు, ఆ ఖాళీలోంచి శత్రువు లోపలికి వస్తాడు. ఆ రోజు నుంచి కంట్రోల్ నొక్కి అంకె కొట్టి గుంపులు కట్టుకోవడం ఎవరూ చెప్పకుండానే అలవాటవుతుంది.

ఒంటరిగా మనిషితో తలపడాలంటే టెన్షన్ అని చాలామంది రాస్తారు. దాన్ని కొట్టిపారేయొద్దు. నాకూ మ్యాచ్ దొరికిన శబ్దం వినగానే అరచేతులు చెమట పడతాయి, ఈ వయసులో. మందేమిటంటే కో-ఆప్. లెగసీ ఆఫ్ ద వాయిడ్‌తో వచ్చింది. ఇద్దరు కలిసి కంప్యూటర్ మీద ఆడతారు, ఒక్కొక్కరికీ ఒక నాయకుడు. రేనర్, కెరిగన్, ఆర్టానిస్ పూర్తిగా ఉచితం, మిగతావాళ్ళని ఐదో లెవెల్ దాకా ఊరికే చూడొచ్చు. ర్యాంకుల పోటీ అయిన లాడర్‌ని తిట్టే జనంలో కూడా కో-ఆప్‌ని తిట్టేవాళ్ళు అరుదు. మా వాడూ నేనూ ఆ వారంలో ఎక్కువ ఆడింది అదే, వాడు కెరిగన్, నేను రేనర్. షాపు షట్టర్ సగం దించి, ఇన్‌వాయిస్‌ల సిస్టమ్ మీద ఒకరు, లాప్‌టాప్ మీద ఒకరు.

అదే ఇన్‌వాయిస్‌ల సిస్టమ్ మీద ఆడితే గ్రాఫిక్స్‌ని తక్కువ స్థాయిలో పెట్టుకోవాల్సిందే. పెద్ద పెద్ద ఆటగాళ్ళు కూడా బొమ్మ స్పష్టంగా కనబడటానికి చాలా సెట్టింగులు తగ్గించే ఆడతారు. చిన్నతనం ఏమీ లేదు.

ఇక ఆట చచ్చిపోయిందన్న మాట. 2020 అక్టోబరులో ఇకపై డబ్బుకి అమ్మే కొత్త సరుకు తయారు చేయబోమని కంపెనీ ప్రకటించింది. ఆ ముక్క పట్టుకుని చావు కబురు చెప్పేస్తున్నారు. అదే ప్రకటనలో బ్యాలెన్స్ సవరణలు ఉంటాయని కూడా చెప్పారు, ఆ తర్వాత ప్యాచ్‌లు వచ్చాయి కూడా. దీనికి చర్చ దేనికి? రాత్రి పదింటికి మ్యాచ్ వెతికే మీట నొక్కి, గోడ గడియారం చూడండి. మా వాడు నొక్కాడు. సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తి చేయకముందే మ్యాచ్ దొరికింది. శవం లేచి వచ్చి ఏడు నిమిషాల్లో మా వాణ్ణి ఓడించి పోయింది. మీ సర్వర్లో, మీ టైములో ఎంతసేపు పడుతుందో మీరే చూసుకోండి. ర్యాంక్డ్ తలుపు మాత్రం ఉచిత ఖాతాకి వెంటనే తెరుచుకోదు. 2017లో పెట్టిన నిబంధన ప్రకారం రోజుకొక్కటి చొప్పున లెక్కకొచ్చే మొదటి గెలుపులు పది కావాలి. తొందరపడి కొత్తవాళ్ళని అందులో తోయకపోవడం మంచిదేనని నా ఉద్దేశం.

సెలవులు అయిపోయే ముందురోజు మా వాడు తనూ ఒక అభిప్రాయం రాస్తానని కూర్చున్నాడు. మొదటి వాక్యం: "జెర్గ్ చాలా ఓవర్." పక్కనే తేదీ వేయమన్నాను. ఏ జాతితో ఆడావో, మనుషులతో ఎన్ని మ్యాచ్‌లు ఆడావో, సగటున సప్లై ఎన్ని సెకన్లు ఇరుక్కుందో కూడా రాయమన్నాను. టెర్రన్, పదకొండు మ్యాచ్‌లు, మూడు గెలుపులు, ముప్పై ఎనిమిది సెకన్లు. అవన్నీ రాశాక మొదటి వాక్యాన్ని తనే కొట్టేశాడు. మిగిలింది నాలుగు లైన్లు: బేన్‌లింగుల గురించి ఒకటి, లావా మిషన్ గురించి ఒకటి, కో-ఆప్ గురించి ఒకటి. చివరి లైను, "మా మామయ్య కూడా ఇరవై ఏళ్ళుగా జెర్గ్ చేతిలో ఓడిపోతూనే ఉన్నాడు." అది తీసేయమన్నాను. తీయలేదు.